మంచాల బస్సు, ఉక్రెయిన్ యుద్ధం

నేను ఇబ్రహీంపట్నంలో డిగ్రీ పిల్లలకు అంతర్జాతీయ రాజకీయాలు చెబుతాను. దేశాలు ఎందుకు కొట్లాడుకుంటాయి, మళ్లీ ఎలా కలుస్తాయి అన్నది నా పాఠం. అది మా ఇంట్లో చిల్లిగవ్వకు కొరగాదని రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన ఏడాది తెలిసింది.

బాపు, అంటే మా నాన్న, బస్సు కండక్టరు. పక్క గల్లీలో ఉండే ఆయన దోస్తు డ్రైవరు, చిన్నాన్న వరసలో నేను కాక అంటాను. ఇద్దరూ ఏళ్ల తరబడి మంచాల ఊరికి వెళ్లే బస్సు నడిపారు. బాపు 'రైట్' అననిదే కాక గేరు వేసేవాడు కాదు. రిటైరయ్యాక రోజూ పొద్దున బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగుతూ ప్రపంచాన్ని చక్కబెట్టేవారు. బాపు ఎర్రజెండా మోసిన యూనియన్ మనిషి, రష్యా మీద ఈగ వాలనివ్వడు. కాక ఉక్రెయిన్ వైపు. ఒకరోజు మాటా మాటా పెరిగి, సగం చాయ్ వదిలేసి చెరో దారిన ఇల్లు చేరారు. అప్పటినుంచి మాటల్లేవు.

బాపు ఇంట్లోనే చాయ్ తాగడం మొదలుపెట్టాడు, ప్రతి గుక్కకూ ఒక వంక పెడుతూ. ఇంతలో కాక ఇల్లు కిరాయికిచ్చి బడంగ్‌పేట్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నాడని తెలిసింది. ఆలోపు కలవకపోతే ఈ మొండిఘటాలు ఇక కలవరని నాకు భయం పట్టుకుంది.

మధ్యవర్తిగా దిగాను. సరిహద్దులు, గ్యాసు పైపులు, పాత ఒప్పందాలు అన్నీ బాపుకు విడమరిచి చెప్పాను. అంతా విని, నీకు జీతం ఊకెనే ఇస్తుండ్రు అన్నాడు. కాకకూ అదే పాఠం అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, పల్లీలు కూడా పెట్టాడు. చివరికి జాలిగా చూశాడు.

"రష్యా ఎటన్న పోనీ, బిడ్డా. గప్పుడు నా మనవరాలు ఉక్రెయిన్ల బంకర్ల ఉన్నది. ఫోన్ కలుస్తలేదు. మీ బాపు అందరి ముంగట, గంత దూరం చదువుకు ఎవడు పొమ్మన్నడు అన్నడు."

డాక్టరు చదువుకు వెళ్లిన ఆ పిల్ల క్షేమంగా తిరిగొచ్చి చాలా రోజులైంది. బాపు ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే టీవీ సౌండు పెంచాడు. తప్పు తెలిసిన దేశాలూ ఇంతే. నాకు ఒళ్లు మండింది.

సామాను ఎక్కించే రోజు డీసీఎం లారీ కాక వాళ్ల గల్లీలోకి వచ్చింది. నేను బయల్దేరుతుంటే బాపు కూడా చెప్పులేసుకున్నాడు, పాల ప్యాకెట్ కోసమట. అటువైపు పాల దుకాణమే లేదు. అక్కడికి చేరాక గోడ వారగా నిలబడి ఆకాశం చూస్తున్నాడు. సామానంతా ఎక్కింది. కాక ముందు సీట్లో కూర్చున్నాడు. డ్రైవరు తాళం తిప్పబోతుంటే చేయి అడ్డం పెట్టాడు.

"జర ఆగు. ఇంక రైట్ చెప్పలే."

ఎవరు చెప్పాలో ఆ డ్రైవరుకు అర్థం కాలేదు. బాపు మెల్లగా వచ్చి బండి తలుపు పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. రైట్ మాత్రం చెప్పలేదు.

"పిల్ల మంచిగున్నదా?"



"మంచిగున్నది. బడంగ్‌పేట్లనే ఉన్నది. ఎక్కు, చూద్దువు" అని కాక పక్కకు జరిగాడు.

బాపు ఎక్కి, తలుపును అరచేత్తో చరిచి, రైట్ అన్నాడు. బండి మూల తిరగకముందే రష్యా మీద మళ్లీ గొంతులు లేచాయి. పాల ప్యాకెట్ నేనే తెచ్చుకున్నాను.