నా నెత్తి మీద గోమారి

ఎల్బీనగర్ పశువుల దవాఖానలో ఇచ్చిన చుక్కల మందు మా కుక్క మెడ మీద పోసి, చెవుల్లో దూరిన గోమార్లను ఒక్కొక్కటే పీకి సబ్బునీళ్ల మగ్గులో వేశాను. కుక్క దొరగారు హాయిగా నిద్రపోయారు. నాకు మాత్రం ఒళ్లంతా ఏదో పాకుతున్నట్టు మొదలైంది. చొక్కా దులిపాను, మళ్లీ స్నానం చేశాను. అయినా నడినెత్తిన దురద పోలేదు. చూడమంటే, "నా దగ్గరికి రాకండి బాబూ" అంటూ మా ఆవిడ తలుపేసుకుంది.

సిగ్గు విడిచి, మెట్ల మీద మనవరాలికి పేలు చూస్తున్న ఇంటి ఓనరమ్మ ముందు తల వంచి కూర్చున్నాను.

"కాస్త నాకూ చూడండమ్మా, గోమారి ఎక్కినట్టుంది."

ఆమె కళ్లద్దాలు సవరించుకుని, నా నెత్తిని అరచేత్తో ఒకసారి నిమిరింది.

"గోమారి దాక్కోవాలంటే ఎంట్రుకలుండాలె గద బిడ్డా!"