ఇస్మాయిల్ భాయి తుడిచేసిన మచ్చ

మా తరిగొప్పుల చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా మొహాన మచ్చ ఉన్న పెళ్లికూతురు ఒక్కతీ లేదు. మెల్లకన్ను పెళ్లికొడుకూ లేడు. నమ్మకపోతే ఏ ఇంటికైనా వెళ్లి గోడకు తగిలించిన పెళ్లి ఫొటో చూడండి. అందరూ గోధుమరంగులో నున్నగా మెరుస్తూ ఉంటారు. ఆ ఫొటో కింద నిలబడి మీకు మంచినీళ్లిచ్చే మనిషి అందులో ఎవరో పోల్చుకోవడం మాత్రం కష్టం. ఇదంతా ఫొటో స్టూడియో ఇస్మాయిల్ భాయి చేతి పని.

నా జిరాక్సు కొట్టుకూ అతని స్టూడియోకూ మధ్య ఒకటే గోడ. పద్దెనిమిదేళ్లుగా ఆ గోడకు ఇవతల పళ్లు నూరుతూ కూర్చున్నాను. కరుణాకర్ అని పేరు పెట్టుకుని వీడికింత కోపమేమిటని ఊళ్లో నవ్వుతారు. ఐదు నిమిషాల్లో అయిపోయే పాస్‌పోర్టు ఫొటోకు "గదుమ జర కిందికి... నవ్వు... గంత నవ్వకు..." అంటూ ఒక మనిషి అరగంట తీసుకుంటే, ఆ ఫొటో అంటించాల్సిన కాగితాలు పట్టుకుని జనం నా కొట్టు ముందు నిలబడితే, ఎవరికి రాదు కోపం?

భాయికి ఒక పద్ధతి ఉంది. నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో దిద్దే రోజుల నుంచి నేటి కంప్యూటరు దాకా ఆ పద్ధతి మారలేదు. మచ్చ తీసేశాక, మచ్చ ఉన్న ఫొటోను ఉంచడు. కొత్తదాన్ని పాతదాని మీదే సేవ్ చేస్తాడు, కెమెరా కార్డు కూడా వెంటనే ఖాళీ చేస్తాడు. పెళ్లిచూపులకు పంపే పిల్ల అసలు ఫొటో రేపెప్పుడో మగపెళ్లివాళ్ల చేతికి చిక్కకూడదని ఆడపిల్లల తల్లులకు అతనిచ్చిన మాట అది. ఆ మాట మీదే స్టూడియో నడిచింది. ఫోన్లు వచ్చి ఎవరి మచ్చలు వాళ్లే తీసుకోవడం నేర్చాక, నడక తగ్గింది.

అతనికి ఒకే ఒక్క దిగులు ఉండేది. మండలంలో అతను తీసిన ఫొటో లేని ఇల్లు లేదు, ఆ ఫొటోల మీద అతని పేరు లేదు. ఒకసారి ముచ్చటపడి మూలన చిన్న అక్షరాలతో పేరు వేశాడు. "మా బాపు ఫొటో మీద నీ పేరేంది?" అని ఆ ఇంటివాళ్లు ఫ్రేము కట్టేవాడితో ఆ మూల కత్తిరింపించారు. ఆ కత్తిరించిన ముక్క చాలా రోజులు భాయి జేబులో ఉంది. నాకు చూపించి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

అందుకే భూపాలపల్లి అడవిలో ఫొటోల పోటీ అని అటవీ శాఖ కాగితం రాగానే ఇద్దరం కుర్చీల్లోంచి లేచాం. రెండు రోజుల సఫారీ. జీపు వాళ్లదే, భోజనం వాళ్లదే. అడవి జంతువు ఫొటో ఒకటి, అక్కడి మనిషి ఫొటో ఒకటి ఇవ్వాలి. గెలిచిన రెండు ఫొటోలను కొత్తగా కట్టిన అతిథి గృహం గోడకు తగిలిస్తారు. కింద ఫొటో తీసినవారి పేరు ఉంటుంది. ఆ చివరి వాక్యాన్ని భాయి నాతో నాలుగుసార్లు చదివించుకున్నాడు. మిగతా కాగితం ఇద్దరం చదవలేదు. నేనే ఆ కాగితాన్ని పాతిక కాపీలు తీసి ఊరంతా పంచాను, అయినా చదవలేదు. జిరాక్సు తీసేవాడు ప్రతి కాగితమూ చదువుతూ కూర్చుంటే కొట్టు నడిచినట్టే.

"తమ్మీ, నువ్వు గూడ రావాలె. నాకు అడవంటే భయం," అన్నాడు. అతని భార్య ఫరీదా వదిన మూడు పూటలకు సరిపడా రొట్టెలు కట్టి, "జంతువుల ముంగట ఈయన నోరు జర మూయించు కరుణాకర్," అని నాకు అప్పజెప్పింది. జనగామలో బస్సెక్కి, వరంగల్‌లో మారి, ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం భూపాలపల్లి చేరాం.

వదిన మాట ఎంత నిజమో మర్నాడు తెల్లారి జీపెక్కాక తెలిసింది. మహబూబాబాద్ నుంచి వచ్చిన యుగేందర్ అనే కుర్రాడు మోచేతి పొడవు లెన్సు పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. చెట్ల మధ్య పది దుప్పులు గడ్డి మేస్తున్నాయి. భాయి జీపులో లేచి నిలబడి, చెయ్యెత్తి, పెళ్లి మండపంలో చుట్టాలను పిలిచినట్టు పిలిచాడు.

"అందరు ఇటు జూడుండ్రి! రెడీ!"

అన్నీ ఇటు చూశాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. యుగేందర్ లెన్సు దించి జీపులో వెనక సీటుకు మారాడు.

ఇంకొంత దూరం పోయాక గుర్రమంత మనుబోతు ఒకటి, నీల్‌గాయ్ అంటారే అది, కనిపించింది. అది మాకు వీపు తిప్పి నిలబడింది. "జర ఇటు మర్లు, జర మొఖం..." అని భాయి బతిమాలాడు. వీపే తీసుకోవాల్సి వచ్చింది. అతని మాట విన్నది కొండముచ్చు ఒక్కటే. పిల్లను ఒళ్లో పెట్టుకుని కొమ్మ మీద కూర్చుని, అతను గదుమ ఎత్తమంటే ఎత్తింది. "మస్తు సమజ్‌దార్ ఉన్నది," అని భాయి ఆ రోజంతా దాన్ని పొగుడుతూనే ఉన్నాడు.

జీపు ముందు సీట్లో కూర్చుని మాకు అడవిని చూపించిన మనిషి పేరు భోజ్యా. టేకుమట్ల దిక్కు తండా అతనిది. అరవై ఎనిమిదేళ్లు. ఎడమ కణత నుంచి గదుమ దాకా మూడు గీతల మచ్చ. చెవి సగం లేదు. లగ్గమైన రెండో ఏడు ఇప్పపూలు ఏరుతుంటే ఎలుగుబంటి కొట్టిందట. ఆ కథను దారిలో రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి ఎలుగు ఒకటే, రెండోసారి దాని వెంట పిల్లలు కూడా ఉన్నాయి. విన్నవాళ్లు మచ్చను వేలితో తాకి చూస్తుంటే మెడ వంచి చూపించేవాడు. అడవిలో అతని మాటకు విలువ తెచ్చిన కాగితం ఆ మచ్చే.

ఇప్పచెట్టు కింద అతన్ని నిలబెట్టి భాయి ఫొటో తీశాడు. నేను చూశాను. చెప్పాలంటే భయమేసింది, మళ్లీ చూడాలనీ అనిపించింది. పొద్దుటి ఎండ ఆ మూడు గీతల మీద పడి, కళ్లలో ఏదో మొండితనం. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి భాయి చేతి పనికి దండం పెట్టబుద్ధేసింది. "గెలిచినవ్ భాయ్. ఇగ నీ పేరు గోడెక్కినట్టే," అన్నాను. అతను కళ్లు తుడుచుకున్నాడు.

అన్నం తిని నేను ఓ కునుకు తీసిన మాట నిజం. అది నా తప్పే. లేచి చూసేసరికి భాయి లాప్‌టాప్ మూసేసి, పని అయిపోయిన మనిషిలా చాయ్ తాగుతున్నాడు. ఫొటోలు అప్పటికే ల్యాబుకు పంపేశానన్నాడు.

మర్నాడు పొద్దున భూపాలపల్లి ల్యాబు నుంచి ప్రింట్లు వచ్చాయి. మొదటి దానిలో కొండముచ్చు. దాని మొహం గోధుమరంగులో ఉంది.

"భాయ్, కొండముచ్చు మొఖం నల్లగుంటది."

"చెయ్యి అలవాటుల పోయింది తమ్మీ," అన్నాడు, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు.

రెండోదానిలో ఎవరో పెళ్లికొడుకు ఇప్పచెట్టు కింద నిలబడి ఉన్నాడు. బుగ్గలు నున్నగా ఉన్నాయి. నుదుటి మీద ముడతలు లేవు. చెవులు రెండూ నిండుగా ఉన్నాయి.

భోజ్యా ఆ ప్రింటును చేతికి తీసుకుని చాలాసేపు చూశాడు. అతిథి గృహంలో వంట చేసే అతని భార్య సక్రి కూడా గంటె పట్టుకుని వచ్చి భుజం మీదుగా చూసింది. గంటె కింద పెట్టి ఇంకా దగ్గరికి వంగింది. భోజ్యా అడిగాడు.

"గీయనెవరు?"

"నువ్వే గదనే," అన్నాడు భాయి గర్వంగా.

"నేనైతే నా ఎలుగు దెబ్బ యాడికి పోయింది?"

"తీసేసిన."

"ఎవర్నడిగి తీసినవ్?" భోజ్యా గొంతుకు అతిథి గృహం అంతా గుమిగూడింది. "నలభై ఏండ్ల సంది మోస్తున్న. ఎలుగుతోటి కొట్లాడి తెచ్చుకున్న. నువ్వు కుర్చీల గూసోని తుడిచేస్తవా? నా మచ్చ నాకియ్యి!"

మచ్చ తీసినందుకు తిట్లు తినడం భాయికి ఇదే మొదలు. అసలు ఫొటో బయటికి తీయమన్నాను. లేదన్నాడు. కార్డు చూడమన్నాను. ఖాళీ చేశానన్నాడు. "నీకు పెండ్లిపిల్లకు, ఎలుగు కొట్టిన ముసలాయనకు ఫరక్ తెల్వదా!" అని నేను అరిచిన అరుపు గేటు దాకా వినిపించిందని తర్వాత డ్రైవరు చెప్పాడు.

మధ్యాహ్నం రెండింటికల్లా ఫొటోలు ఇవ్వాలి. మళ్లీ తీద్దామంటే ఆ రోజు మబ్బు, నిన్నటి ఎండ లేదు. భాయి లాప్‌టాప్ తెరిచాడు. భోజ్యా ఎదురుగా స్టూలు వేసుకుని ఎడమ బుగ్గ చూపిస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు మచ్చలు తీసిన మనిషి జీవితంలో మొదటిసారి మచ్చ పెట్టడం మొదలుపెట్టాడు.

"లోతు సాలలే," అన్నాడు భోజ్యా.

భాయి లోతు చేశాడు.

"నడిమి గీత ఇంకింత పొడుగు. గోరు గుచ్చుకున్న కాడ గుంత ఉంటది, జూడు. చెవి గంత మిగల్లే, ఇంకింత కొయ్యి."

వాళ్లిద్దరూ ఇలా ఎలుగు పని మళ్లీ చేస్తుంటే, ఊరికే ఉండలేక నేను పోటీ కాగితం తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. అయిదో నిబంధన: ఫొటోలో ఏ మార్పూ చేయరాదు. చేస్తే తీసుకోరు.

భాయికి చూపించాను. అతను మచ్చ దిద్దుతూనే అన్నాడు. "తీసిన, మళ్ల పెట్టిన. ఇంక మార్చిందేంది?"

"గదే. నువ్వు నోరు మూసుకుంటే అయిపాయె," అన్నాను. అప్పటికి మచ్చ పూర్తయింది. అసలు ఫొటో చూసినవాణ్ని నేనే, నాకే తేడా తెలియలేదు. భోజ్యా అయితే తెర మీద వేలుపెట్టి తడిమి, "గిది నేను," అని లేచాడు. ల్యాబుకు పరుగెత్తి ప్రింటు తెచ్చాం. కొండముచ్చు బదులు మనుబోతు వీపును ఇచ్చాం. అందులో భాయికి తుడవడానికి ఏమీ దొరకలేదు.

రేంజ్ ఆఫీసర్ లత మేడం బల్ల మీద ఫొటోలన్నీ పరిచి ఒక్కొక్కటే చూశారు. మనుబోతు వీపు చూసి నవ్వారు, పక్కన పెట్టలేదు. భోజ్యా ఫొటో దగ్గర ఆగిపోయారు. చేతికి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. యుగేందర్ కూడా మెడ చాచి చూసి, "మస్తుందన్నా," అన్నాడు. ఆ పిల్లవాడు మంచివాడే.

"ఇన్నేండ్ల సంది భోజ్యాను జూస్తున్న. గింత మంచి ఫొటో ఎవ్వరు తియ్యలే," అన్నారు మేడం. తర్వాత అందరినీ అడిగిన మాటే అతన్నీ అడిగారు. "దీంట్ల ఏం మార్చలే గద, అన్నా?"

నేను భాయి నడుము మీద గట్టిగా గిల్లాను. అతను మేడం వైపు చూశాడు. ఖాళీ గోడ వైపు చూశాడు. అక్కడ మేకులు అప్పటికే కొట్టి ఉన్నాయి.

"మార్చిన మేడం," అన్నాడు. "గా మచ్చ నేను పెట్టిందే."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఎదురుగా అసలు మచ్చతో అసలు భోజ్యా నిలబడి ఉన్నాడు మరి. భాయి జరిగిందంతా చెప్పాడు. మేడం నవ్వబోయి ఆపుకున్నారు. "రూలు రూలే, అన్నా," అని బాధగానే చెప్పి ఫొటో తిరిగి ఇచ్చారు. ఆ మేకులకు యుగేందర్ ఫొటోలు ఎక్కాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో భాయి చేతులే ఎక్కువసేపు మోగాయి.

బయటికొచ్చాక నేను నోటికొచ్చినట్టు తిట్టాను. "ముప్పై ఏండ్ల సంది అబద్ధం ఫొటోలే తీసినవ్. ఒక్క అబద్ధం నోటితోటి చెప్పలేకపోయినవా?"

"గవి అబద్ధాలు కావు తమ్మీ," అన్నాడు నెమ్మదిగా. "గట్ల ఉంటే మంచిగుంటదని వాళ్లే అడిగిండ్రు." అని మెట్ల మీద కూర్చున్నాడు. చేసేది లేక నేనూ కూర్చున్నాను.

వంటింటి వైపు నుంచి సక్రి వచ్చింది. వెనకాల భోజ్యా.

"సాబ్, గా తుడిచిన ఫొటో ఏమాయె?"

"నీ పెనిమిటి వద్దన్నడు గద, అక్కా."

"ఆయన వద్దంటడు. నేనన్ననా?" ఆమె చెయ్యి చాచింది. భాయి సంచిలోంచి ఆ పెళ్లికొడుకును తీసి ఇచ్చాడు. ఆమె కొంగుతో దాని మీద లేని దుమ్ము తుడిచింది. "లగ్గమైన రెండో ఏడే ఎలుగు కొట్టింది. గప్పుడు మాకు ఫొటో ఎవ్వరు దీసిండ్రు? ఈ మొఖం నేను రెండేండ్లే జూసిన. మళ్ల పొద్దుగాల జూసిన."

"గీయన నేను గాదు," అన్నాడు భోజ్యా.

"నీకేం ఎర్క? గప్పుడు తండాల అద్దముందా?" అని అతని నోరు మూయించి, ఆమె ఫొటోను భాయి ముందు పెట్టింది. "దీని కింద నీ పేరు రాయి."

"నా పేరా?"

"మా మనుమలు నమ్మరు. గీయనెవరే అవ్వా అని అడుగుతరు. తీసినాయన పేరుంటే, పోయి గాయన్నే అడుగుండ్రి అని చెప్త. ఊరు గూడ రాయి, తప్పించుకునేవు."

నా జేబులో పెన్ను తీసి ఇచ్చాను. ఎక్కడ రాయాలో తెలియక నాలుగు మూలలూ చూశాడు. సక్రి అడుగున నడిమధ్యన వేలు పెట్టి, "గీడ, పెద్దగ," అంది. మహమ్మద్ ఇస్మాయిల్, తరిగొప్పుల అని రాశాడు. ఒక్కో అక్షరానికి పాస్‌పోర్టు ఫొటోకు పట్టినంత సేపు పట్టింది. నాకు ఏడుపొచ్చింది. అటు తిరిగి నిలబడ్డాను.

"ఏమైంది తమ్మీ, ఇంకా కోపం పోలేదా?" అన్నాడు వెనక నుంచి.

"పోలే," అన్నాను.