సరోజిని చూసిన మొలక

అది కంప్యూటర్ల వై టూ కే గోల ఊపందుకున్న ఏడాది. సింగపూర్లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే చాలు, నీది ఏ ప్లాట్‌ఫారం, కోబాలా, జావానా అని తప్ప వేరే పలకరింపు ఉండేది కాదు. హౌగాంగ్ పేటలో ఉండే సరోజినిని కూడా అడిగేవారు. "నాది నెత్తుటి ప్లాట్‌ఫారం" అనేది నవ్వుతూ. ఆవిడ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. రోగుల రక్తంలో ఏ క్రిమి పెరుగుతోందో చూసి చెప్పడం ఆవిడ పని. ఆ మాటకి పార్టీల్లో కొందరు మొహం చిట్లించేవారు. చిట్లించుకోనీ, ఆవిడకేం!

ఆవిడ పెసరట్టుకి పడిచచ్చే మనిషి కింది అంతస్తులో ఉండేవారు, జనార్దనరావు మాస్టారు. ప్రోగ్రామర్ కొడుకు ఆకాష్ దగ్గర మూడు నెలలు ఉందామని వచ్చి, పేగుకి చిల్లుపడి ఐసీయూలో చేరారు. ఆపరేషన్ చేసి, ఇన్ఫెక్షన్ సోకకుండా ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. పది రోజులైనా జ్వరం దిగలేదు.

లిఫ్టులో ఆకాష్ సరోజిని చేతులు పట్టుకున్నాడు. "ఆంటీ, మీరు అక్కడే కదా చేసేది. ఇంకా స్ట్రాంగ్ యాంటీబయాటిక్ వెయ్యమని చెప్పండి, ప్లీజ్. నాన్నకి ఏమైనా అయితే అమ్మకి ఏం చెప్పను?"

మర్నాడు పొద్దున్నే ల్యాబు మెషీన్లో ఒక రక్తం సీసా దగ్గర, లోపల ఏదో పెరుగుతోందని లైటు వెలిగింది. లేబుల్ మీద మాస్టారి పేరు! సరోజిని చేతిలో పని పక్కన పెట్టేసింది. చుక్క తీసి, రంగువేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. బాక్టీరియా ఒక్కటి లేదు. ఉన్నవి వాటికంటే బాగా పెద్దవి, కోలగా, పక్కన మొగ్గలు తొడిగి ఉన్నాయి. ఫంగస్!

సంగతి అర్థమైపోయింది. యాంటీబయాటిక్ చెడ్డ క్రిములతో పాటు పేగుకి కాపలా కాసే మంచి క్రిములనీ ఊడ్చేస్తుంది. ఇల్లు ఖాళీ అయితే ఫంగస్‌కి పండగే. ఆకాష్ అడిగే మందు ఇంకాస్త పోస్తే దానికి విందు పెట్టినట్టే.

వెంటనే ఐసీయూకి ఫోన్ చేసింది. "తీసిన రెండు సీసాల్లో ఒకదాంట్లోనే కదా పెరిగింది. బయటినుంచి పడిందేమో లా. రేపు చూద్దాం" అన్నాడు కుర్ర డ్యూటీ డాక్టరు, సింగపూర్ వాళ్ళ అలవాటుగా మాట చివర "లా" తగిలించి.

రేపా? రేపటిదాకా మాస్టారు ఉండద్దూ! సరోజినికి ఒళ్ళు మండింది. ఆ ఫంగస్‌ని కాస్త తీసి రక్తపు తేట సీరంలో కలిపి వెచ్చటి పెట్టెలో పెట్టింది. పేగుల్లో కాపురముండే రకమైతే రెండు మూడు గంటల్లో మొలకెత్తుతుంది. టీ తాగలేదు, కూర్చోలేదు. గడియారం ముల్లుని వేలితో తోసేద్దామనిపించింది.

రెండున్నర గంటలకి చూసింది. నానబెట్టిన పెసలకి వచ్చినట్టు గింజగింజకీ తోక! "వచ్చిందోయ్!" అని తెలుగులోనే కేక పెట్టి, ఈసారి పెద్ద డాక్టరుకే ఫోన్ చేసింది.

"ఇది గాల్లోంచి పడే రకం కాదు సార్. మీరు కిందికొచ్చి చూసేదాకా నేను ఫోన్ పెట్టను." పదేళ్ళ ఉద్యోగంలో గొంతు పెంచడం అదే మొదలు.

ఆయన పరుగున వచ్చి చూశాడు. అక్కడినుంచే ఐసీయూకి చెప్పాడు: ముందుజాగ్రత్త మందులు ఆపండి, ఫంగస్ మందు ఎక్కించండి.

సాయంత్రం లిఫ్టులో మళ్ళీ ఆకాష్. "యాంటీబయాటిక్స్ ఆపేశారట ఆంటీ! మీరైనా చెప్పలేదా?" కళ్ళనిండా నీళ్ళు. రిపోర్టు సంగతి డాక్టరే చెప్పాలి, ల్యాబు వాళ్ళు నోరు విప్పకూడదు. "డాక్టర్ని అడుగు నాయనా" అంది. అతను మొహం తిప్పుకున్నాడు. ఆవిడకి ప్రాణం చివుక్కుమంది.

నాలుగో రోజుకి జ్వరం దిగింది. మళ్ళీ తీసిన రక్తం సీసా మెషీన్లోకి వెళ్ళింది. గంటకోసారి వెళ్ళి చూసేది సరోజిని. ఐదు రోజులూ లైటు వెలగలేదు. "ఏమీ పెరగలేదు" అని రాసి సంతోషంగా సంతకం పెట్టింది.

నెలన్నర తర్వాత ఆవిడ తలుపు దగ్గర మాస్టారు, చిక్కి సగమై. వెనక తల వంచుకుని ఆకాష్.

"ల్యాబులో ఎవరో పట్టుబట్టి కనిపెట్టారట తల్లీ. వాళ్ళకో దండం పెట్టాలి. నీకు తెలుసా వాళ్ళు?"

"తెలుసు మాస్టారూ. ముందు తినండి."

పెసరట్టు ఒక్కటే తినమన్నాడు డాక్టరు. మాస్టారు మూడు తిన్నారు.