వేలు తగిలిన చోటల్లా ఎర్ర చుక్క

లాక్‌డౌన్‌లో, మేం పొట్టకూటికి వలసొచ్చిన ఖటోదరాలోని కార్ఖానా మూతబడింది. మా ఆయన నడిపే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఆగిపోయాయి. ఇల్లు గడవాలంటే ఇక నేను పని వెతుక్కోవాలి. మా నాన్న నన్ను బడికి పంపలేదు. మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలూ, బట్టలో లోపాలు పట్టడమూ ఆయనే నేర్పాడు. పదో తరగతి కాగితం లేదని అప్పటికే రెండు చోట్ల గేటు దగ్గరే పొమ్మన్నారు.

ఈసారి పరీక్ష ఫోన్‌లోనే. మిల్లులో కెమెరా తీసిన బట్ట ఫోటోలను ఇంట్లో కూర్చుని చూసి, లోపమున్న చోట వేలితో నొక్కేవాళ్లు కావాలంది ఒక చీరల కంపెనీ. ఎంత చదివావని అడగలేదు. ఆ దయకే మార్కండేయ స్వామికి దీపం పెట్టి మొదలుపెట్టాను.

మొత్తం ఇరవై ఫోటోలు. బట్ట కనబడితే నా చెయ్యి ఊరుకుంటుందా? అలవాటు కొద్దీ పోగుల వెంబడి నిమురుతూ పోయాను. వేలు తగిలిన చోటల్లా ఎర్ర చుక్క పడుతోంది. ఫోన్ తీరే అంత అనుకున్నాను. పదో ఫోటో దగ్గర మా ఆయన తొంగిచూశాడు.

“ఏందే, గట్ల రుద్దుతున్నవ్? గది బట్ట గాదు, అద్దం! నువ్వు ముట్టిన కాడల్లా లోపమని రాసుకుంటది.”

“ముట్టకుంట ఎట్ల తెలుస్తది మరి?”

“కండ్లు ఎందుకిచ్చిండు దేవుడు?”

వెనక్కి వెళ్లే వీల్లేదు. మిగతా పదీ చెయ్యి కొంగులో చుట్టుకుని చూశాను, లోపం కనబడితేనే వేలు బయటికి తీసి నొక్కాను. ఆఖర్న, ఏమైనా చెప్పాలంటే చెప్పమని ఫోన్‌లో మైకు బొమ్మ కనబడింది. వచ్చీరాని హిందీలో జరిగింది చెప్పాను. నాలుగో ఫోటోలో పేక పోగు ఒకటి తప్పిందనీ, ఏడోదాంట్లో పడుగు రెండు చోట్ల తెగిందనీ, ఇలా గుర్తున్నవన్నీ చెప్పుకుంటూ పోయాను.

మర్నాడే ‘ఎంపిక కాలేదు’ అని మెసేజ్ వచ్చింది. దీపం ముందు కూర్చుని ఏడ్చాను.

మూడో రోజు కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఇక్కడివాళ్లు అక్కను పిలిచినట్టు ‘బెన్’ అంటూ మొదలుపెట్టింది. “బెన్, మిషన్ మిమ్మల్ని ఫెయిల్ చేసింది. కానీ మీ మాటలు విని, ఆ ఫోటోలు నేనే మళ్లీ చూశాను. మొదటి తొమ్మిదీ సరిగ్గా చెప్పారు, చివరి పదీ సరిగ్గా నొక్కారు. మరి పదోది?”

“అది చూసేలోపే మా ఆయన తిట్టిండు మేడమ్.”

ఆవిడ పకపకా నవ్వింది. సోమవారం నుంచి పని మొదలుపెట్టమంది.

కాగితం అడగని ఆ మిషన్‌కూ, మాట వినే ఓపికున్న ఆ తల్లికీ కలిపే దండం పెట్టుకున్నాను. మా ఆయన వచ్చి నా పక్కన చాప మీద చతికిలబడ్డాడు.

“జర నాకు గూడ నేర్పరాదే,” అన్నాడు.