రాహుకాలంలో ఐదు వేల మీటర్లు

మీ ఊరి కాలేజీ మైదానంలో ఒక ఆడపిల్ల పన్నెండున్నర చుట్లు పరుగెత్తుతుంటే, చివరి చుట్టు దాకా నిలబడి చూసిన రోజు మీకు ఒక్కటైనా ఉందా? టీవీలో చూసిన క్రికెట్టు సంగతి అడగడం లేదు. మీ ఊరి మైదానం సంగతి అడుగుతున్నాను. గేటు తీసే ఉంటుంది, టిక్కెట్టు ఉండదు, కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అయినా మనం వెళ్లం. సుజాత ఫోన్ చేసేదాకా నేనూ వెళ్లలేదు.

సుజాత నంద్యాలలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో వ్యాయామ అధ్యాపకురాలు. జాతకాల మీద నేను రాసిన వ్యాసమొకటి పత్రికలో చదివి ఫోన్ చేసింది. "సార్, మీరు బాబాలని, జాతకాలని ఊరూరూ తిరుగుతాండారు. మా గ్రౌండుకొకసారి రాండి. ఈడ గూడా మీకు పని దొరుకుతాది" అంది.

సీమలోని పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయం తన కిందున్న కాలేజీలన్నిటికీ ఏటా అథ్లెటిక్ పోటీలు పెడుతుంది. ఈసారి వంతు నంద్యాలది. పోటీల్లో నిర్ణీత సమయం అందుకున్న వాళ్లకు విశ్వవిద్యాలయ జట్టులో చోటు, దానితోపాటు జేబు మీద ముద్ర కుట్టిన నీలిరంగు కోటు ఇస్తారు. సీమ మైదానాల్లో ఆ కోటుకున్న గౌరవం పెళ్లి పట్టుచీరకు కూడా లేదు. సుజాత శిష్యురాలు మల్లేశ్వరి, ఉయ్యాలవాడ దగ్గరి పల్లె పిల్ల, ఐదు వేల మీటర్లు పరుగెత్తుతుంది. రెండేళ్లుగా కోటు అందినట్టే అంది జారిపోయింది. డిగ్రీలో ఇదే చివరి ఏడు. ఈసారి తప్పితే ఇక లేదు.

ఆదివారం మధ్యాహ్నం నరసరావుపేటలో రైలెక్కాను. కంభం, గిద్దలూరు దాటాక నల్లమల మొదలవుతుంది. ఈ దారిలో మొదటిసారి వెళ్లేవాళ్లు కిటికీ పక్కన కూర్చోండి, సొరంగం వచ్చేసరికి మాత్రం చేయి లోపల పెట్టుకోండి. నా ఎదురుగా బేతంచెర్ల నాపరాళ్ల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. నంద్యాలకు పరుగు పందెం చూడటానికి వెళుతున్నానంటే నమ్మలేదు.

"మీ పాప పరిగిత్తుతాందా?"

"కాదండీ."

"మనవరాలా?"

"ఎవరూ కాదు. ఊరికే చూద్దామని."

ఆయన కాసేపు నన్ను పరీక్షగా చూశాడు. "అప్పా, మీరు రిటైరై ఎన్నాళ్లయింది?" అన్నాడు జాలిగా. సొరంగం చీకట్లో అందరితోపాటు నేనూ నవ్వుకున్నాను.

నంద్యాలలో దిగేసరికి దీపాలు పెట్టారు. బస్టాండు ఎదుటి లాడ్జిలో దిగాను. పరుపు పలచన, నీళ్లు మాత్రం వేడివి. రాత్రి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, గుత్తివంకాయ. ఆ భోజనం కోసమైనా ఈ ఊరు ఇంకోసారి రావచ్చు.

సోమవారం ఉదయం ఆరింటికి మైదానంలో ఉన్నాను. శివరాత్రి ఇంకా రాలేదు గానీ ఎండ మాత్రం ముందే వచ్చేసిందని అక్కడ అందరూ చెప్పుకుంటున్నారు. నల్లరేగడి మీద సున్నంతో గీసిన తెల్లటి గీతలు. కాలేజీకొక జెండా. ఒక మూల ఖోఖో పిల్లలు, ఒక మూల కర్ర పట్టుకుని ఎత్తు దూకే పిల్లలు, కంచె పక్కన ఉగ్గాని, బజ్జీల బండి. మల్లేశ్వరి సన్నగా, నల్లగా, గట్టిగా ఉంది. బూట్ల తాళ్లు విప్పుతూ కట్టుకుంటూ ఉంది.

"భయమా?" అన్నాను.

"భయం లే సార్. మా చేను కాడ మట్టిలో పరిగిత్తిందాన్ని, ఇదేందీ నాకు. ఎండ రాకముందే అయిపోతే సాలు."

ఆ కారణంతోనే ఐదు వేల మీటర్లు ఆరున్నరకు పెట్టారు. అయితే ముఖ్య అతిథి కొబ్బరికాయ కొట్టి, జ్యోతి వెలిగించి, జెండా ఎగరేస్తే గానీ ఏ పందెమూ మొదలుకాదు. అది ఆనవాయితీ. ముఖ్య అతిథి పక్క మండలపు పెద్ద రైతు, విరాళమిచ్చిన మనిషి. ఆయన కారు గేటు దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర దాటింది. పిల్లలు గీత మీద నిలబడ్డారు. అప్పుడు నిర్వహణ కార్యదర్శి, ఒక సీనియర్ అధ్యాపకుడు, వాచీ చూసుకుని మైకు అందుకున్నాడు: తొమ్మిది వరకూ అందరూ విశ్రాంతి తీసుకోవాలి.

ఎందుకో అర్థమైంది కదా. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం.

నేను ఆగలేకపోయాను. తిన్నగా వేదిక మీదికి వెళ్లాను. "అయ్యా, మీ దగ్గర రెండు గడియారాలున్నాయి. ఒకటి పిల్ల పరుగును సెకనులో వందో వంతు దాకా కొలుస్తుంది. రెండోది గంటన్నర సేపు మనిషిని ఊరికే కూర్చోబెడుతుంది. విశ్వవిద్యాలయం దేన్ని నమ్ముతుంది?" అన్నాను. నలభై ఏళ్లుగా వేదికల మీద వాదించిన నోరు, వాక్యం బాగానే కుదిరింది.

ఆయన మర్యాదగానే విన్నాడు. "నాకేం నమ్మకం లేదు సార్. అతిథిగారికి పట్టింపు. పెద్దాయన. రేపు ఏ పిల్లకో కాలు మడత పడిందనుకోండి, నా మీదకొస్తాది" అన్నాడు. నేను ఇంకా గట్టిగా వాదించాను. ఆయన ఇంకా గట్టిగా కూర్చున్నాడు. కిందికి దిగి వచ్చేసరికి సుజాత నవ్వుతోంది.

"బాగా మాట్లాడినారు సార్. ఇప్పుడు తొమ్మిదిన్నరకు మొదలుపెడతారు. మీకు జవాబు చెప్పేకి స్పీచిలో ఇంకో పేరా కలుపుతాడు."

అన్నదానికంటే ఎక్కువే అయింది. తొమ్మిదికి కొబ్బరికాయ, తర్వాత జ్యోతి, కవాతు, ప్రమాణం, మూడు ఉపన్యాసాలు. 'మన సంస్కృతి' అన్న మాట దగ్గర కార్యదర్శి నా వైపే చూశాడు. పందెం మొదలయ్యేసరికి పదిన్నర. పొద్దున చెమట పట్టేలా సిద్ధమైన పిల్లలు రెండుసార్లు చల్లారి, మూడోసారి వేడెక్కారు. ఈసారి వేడెక్కించింది సూర్యుడు.

మల్లేశ్వరి మొదటి ఎనిమిది చుట్లు ఒకే లయతో పరుగెత్తింది. తొమ్మిదో చుట్టులో నోరు తెరుచుకుంది. పదకొండో చుట్టులో భుజాలు పైకి లేచాయి. సుజాత గీత పక్కన తనూ పరుగెడుతూ, "చేతులు దించు మల్లీ, చేతులు దించు!" అని అరుస్తూనే ఉంది. ఆ పిల్ల అందరికంటే ముందు వచ్చి నేల మీద కూలబడింది. మొదటి బహుమతి ఆమెదే. కానీ కోటుకు కావలసిన సమయానికి కొన్ని సెకన్లు ఎక్కువైంది.

ఆమె ఏడవలేదు. తల మీద నీళ్లు పోయించుకుని, సుజాత వైపు తిరిగి, "అక్కా, బుధవారం ఆళ్లగడ్డలో ఉంది గదా" అంది. కొద్దిలో తప్పినవాళ్లకు అక్కడి కాలేజీలో ఆఖరి ఎంపిక పరుగు పెడతారట, ఆ కాలేజీ పిల్లలెవరైనా వాళ్లతో కలిసి పరుగెత్తవచ్చట. అది తప్పితే ఇక ఇంటికే.

మధ్యాహ్నం భోజనాల్లో ముఖ్య అతిథి నా పక్కనే కూర్చున్నాడు. మీసాలున్న పెద్దమనిషి. సంకటి ముద్ద తుంచుకుంటూ, "ఈ పొద్దు గంటన్నర కార్లో కూచోబెట్టినారప్పా నన్ను. నడుము పట్టుకుండాది" అన్నాడు.

"మీకే కదండీ పట్టింపు?"

"నాకా? ఎవరు చెప్పినారు? రాహుకాలం చూసుకుంటా ఉంటే నా చేనికి నీళ్లు పారేది ఎప్పుడు? కరెంటు ఎప్పుడుంటే అప్పుడే మోటారు ఏస్తా. సదువుకున్నోళ్ల పద్ధతి, మనమెందుకు కాదనాలని నోరు మూసుకుండా."

ఎదుటి వరుసలో మజ్జిగ పోసుకుంటున్న కార్యదర్శి చేయి ఆగిపోయింది. ఆయనా విన్నాడు.

రాహువు తలా తోకా లేని కథ అని నిరూపించడానికి నా జీవితంలో సగం ఖర్చు చేశాను. ఆ మైదానంలో దాన్ని నమ్మినవాడు ఒక్కడూ లేడు. ప్రతి ఒక్కరూ పక్కవాడు నమ్ముతాడనుకుని ఆగారు. ఎవరికీ లేని నమ్మకానికి ఆ పిల్ల సెకన్లు ఖర్చయ్యాయి. నేను కూడా ఉపన్యాసమిచ్చానే తప్ప, కారు అద్దం తట్టి ఒక్క ప్రశ్న అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం సుజాత, మల్లేశ్వరి, ఇంకో పదిమంది పిల్లలతో ఆళ్లగడ్డ బస్సెక్కాను. గంటకు పైనే ప్రయాణం. బస్సులో సీట్లన్నీ మావే, పాటలన్నీ వాళ్లవే. పక్కసీట్లో సుజాత చెప్పిన సంగతులు పరుగు కంటే రుచిగా ఉన్నాయి. ఆమె చదువుకునే రోజుల్లో వాళ్ల కాలేజీకి ఒక్కటే జత స్పైకు బూట్లుండేవట. ఒక పందెంలో ఒకామె, తర్వాతి పందెంలో ఇంకొకామె, లోపల దూది కుక్కుకుని పరుగెత్తేవారట. ఆమెకు వచ్చిన కోటు ఇప్పటికీ బీరువాలో ఉంది. మల్లేశ్వరి ఒకసారి వేసుకుని చూస్తానంటే ఇవ్వలేదట. "నీది నువ్వు తెచ్చుకోమన్నా" అంది.

ఆళ్లగడ్డలో దిగితే ముందు వినిపించేది ఉలి చప్పుడు. రోడ్డుకు రెండు వైపులా శిల్పుల పాకలు, సగం ముఖం వచ్చిన దేవుళ్లు. నా లాంటివాడికి ఇది వినోదమే: ఇక్కడ దేవుణ్ణి టేపుతో కొలిచి చెక్కుతారు, ఎక్కువైన చోట గీకేస్తారు. ఆ పనితనానికి మాత్రం నిజంగానే చేతులు జోడించాను. రాత్రి లాడ్జి వరండా గోడ మీద క్యాలెండరు చూశాను. బుధవారం తెల్లవారి ఆరు నుంచి ఏడున్నర దాకా వర్జ్యం. ఆరున్నర పరుగు సరిగ్గా అందులోనే. వెనక నుంచి సుజాత చూడనే చూసింది.

"ఏం సార్, మంచి టైమేనా?" అంది.

పంచాంగం చదువుతూ నేను పట్టుబడటం అదే మొదటిసారి.

బుధవారం ఆరింటికి మైదానంలో మంచు లేదు, చలి లేదు, అతిథి లేడు. వేదిక కూడా లేదు. ఆ కాలేజీకి వేరే ఆనవాయితీ ఉంది. పోయిన ఏడు చివరగా వచ్చినవాళ్లు ఈ ఏడు మొదటి పందేనికి ఈల ఊదాలి. ఎప్పుడో అతిథి రాని ఒక ఏడు మొదలైందట, బాగుందని ఉంచేసుకున్నారు. ఈసారి ఈల రజియాది. గుండ్రటి ముఖం పిల్ల, మెడలో ఈల తాడు పతకంలా వేసుకుని వచ్చింది.

"నువ్వు పరిగెత్తవా?" అన్నాను.

"ఎందుకు పరిగిత్తను సార్? ఊదేసి పరిగిత్తుతా. నేనెట్లాగూ చివరే గదా, రెండడుగులు లేటైతే ఏం పోతాది?"

అక్కడి వ్యాయామ అధ్యాపకుడు చేయెత్తాడు. నేను అలవాటు కొద్దీ చుట్టూ చూసి, "ఎవరి కోసమైనా ఆగాలా?" అని అడిగాను. "ఎవరి కోసం సార్?" అన్నాడాయన ఆశ్చర్యంగా. రజియా ఈల ఊదింది.

ఈసారి తొమ్మిదో చుట్టులో మల్లేశ్వరి నోరు మూసే ఉంది. ఎండ ఇంకా వేపచెట్ల తలల మీదే ఉంది. పదో చుట్టులో రజియాను మొత్తం ఒక చుట్టు దాటేసింది. రజియా పక్కకు జరిగి దారిచ్చి, మెడలో ఈల తీసి గట్టిగా ఊదింది. "పో మల్లక్కా, పో! బస్సు పోతాంది!" అంది. చివరి చుట్టు మొదలయ్యేసరికి అక్కడి ఖోఖో పిల్లలు, గేటు దగ్గరి ఉగ్గాని బండివాడు, పనికి వెళుతూ ఆగిన ఇద్దరు శిల్పులు, నేను, అందరం గీత మీదే ఉన్నాం. సుజాత ఈసారి అరవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మల్లేశ్వరి గీత దాటింది. సమయం చూసే ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. ఒకాయన పైకి చూసి బొటనవేలు ఎత్తాడు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. వర్జ్యంలో గెలిచింది కాబట్టి పంచాంగం ఓడిపోయిందని నేను రాయను. ఒక్క పరుగుతో ఏదీ రుజువు కాదు, పంచాంగం తప్పని కూడా రుజువు కాదు. నేను చూసింది ఒక్కటే: ఆరున్నరకు నేల చల్లగా ఉంది, పదిన్నరకు కాలింది. ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది, చెప్పులు విప్పి నిలబడితే చాలు.

ఆ మైదానంలో విజేతలు ఎక్కే దిమ్మె రాతిది. చెక్కుతుంటే పగులు కనబడిందని, విగ్రహానికి పీఠంగా పనికిరాదని శిల్పులు పక్కన పెట్టిన రాయట. కాలేజీకి ఇచ్చేశారు. దేవుడు వద్దన్న రాయి మీద మల్లేశ్వరి నిలబడింది. పగులు ఆమె పాదాల మధ్య నుంచి పోతోంది. అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. "నాయనా... ఆ, వచ్చింది. కోటు వచ్చింది. లే, ఇంకా ఇయ్యలా, ఇస్తారు. నువ్వు యాడ ఉండావ్? చేనికాడనా? మోటారు ఆపు, ఇనపడ్లే!" అంది. మాట్లాడుతూ ఇప్పుడు ఏడ్చింది. రజియా చివరగా వచ్చి, ఒగరుస్తూ ఈలను ముద్దు పెట్టుకుని, "వచ్చే ఏడు గూడా నాదే!" అని ప్రకటించింది.

పదింటి బస్సుకు నంద్యాల వచ్చి, మధ్యాహ్నం రైలెక్కాను. సుజాత ప్లాట్‌ఫాం మీదికి బజ్జీల పొట్లం తెచ్చింది. "సార్, వచ్చే ఏడు మా కాలేజీలో గూడా ఈల పద్ధతి పెట్టమని అడుగుతా. ఒప్పుకుంటారంటారా?"

"అడిగి చూడు. ఎవరికీ పట్టింపు లేకపోవచ్చు" అన్నాను.

నల్లమలలో సొరంగం మళ్లీ వచ్చింది. ఈసారి జాలిపడేవాళ్లెవరూ ఎదురుగా లేరు. పొట్లం విప్పుకుని నేనొక్కణ్ణే తిన్నాను.

ఇక మీ పని చెబుతాను. మీ ఊరి కాలేజీలో ఈ ఏడు ఆటల పోటీలు ఎప్పుడో కనుక్కోండి. ఆ రోజు ఆరింటికల్లా వెళ్లి గీత పక్కన నిలబడండి. పిల్లలు సిద్ధంగా ఉండీ పందెం మొదలుకాకపోతే, ఉపన్యాసాలివ్వకండి. నేను చేసిన పని మీరు చేయకండి. వేదిక మీదికి వెళ్లి, కారు దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరినీ అడగండి: "ఆగమన్నది మీరేనా?" ప్రతి ఒక్కరూ 'నేను కాదు' అన్నప్పుడు, ఈల ఊదించండి.