మూడు మూలల రెక్క

జనవరి సగం దాటిందంటే ఢిల్లీలో మా కిటికీ అద్దాలు గడగడలాడడం మొదలవుతుంది. పరేడ్ రిహార్సల్ కోసం విమానాలు ఎగురుతాయి. మొన్న మునిర్కాలోని మా ఫ్లాటు బాల్కనీలో ఎండకు కూర్చుని బటాణీ కాయలు వలుస్తుంటే ఆ చప్పుడు వినబడింది. పక్కింటి పంజాబీ ఆవిడ "ఆంటీ, జల్దీ ఊపర్ ఆయియే!" అంటూ మేడ మీదికి పరిగెత్తింది. నేను కదల్లేదు, తల మాత్రం ఎత్తాను. పొగమంచు పలచబడ్డ చోట విమానాలు బారుగా కనిపించి మాయమయ్యాయి. రెక్కలు చూశాను. మూడు మూలలవి. ఒళ్లో గింజలన్నీ నేలపాలయ్యాయి.

జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినదాన్ని, నాకు విమానాల రెక్కలతో ఏం పని? తెలిసిన నాలుగు ముక్కలూ మా తమ్ముడు చెప్పినవే. నరసాపురం నుంచి వాణ్ణి తెచ్చి నా దగ్గరే పెట్టుకుని చదివించాను. వాడు యుద్ధ విమానం నడిపే ఆఫీసరయ్యాడు. సెలవు దొరికితే చాలు, ఆర్.కె. పురంలో మా ఆయనకిచ్చిన క్వార్టర్స్‌కి వచ్చేసేవాడు. వంటింట్లో గట్టు మీదికెక్కి కూర్చుని, నేను చేసే చపాతీలకు పేర్లు పెట్టేవాడు. నాకు ఈనాటికీ చపాతీ గుండ్రంగా రాదు. "ఇదిగో, ఇది అచ్చం నా విమానం రెక్కే అక్కా" అని మూడు మూలలుగా వచ్చినదాన్ని ఎత్తి చూపించేవాడు. వేడి పెనం పక్కనే పాఠం మొదలయ్యేది. తిన్నగా, పొడుగ్గా ఉన్న రెక్క నెమ్మదైనదట. తక్కువ వేగంలో కూడా గాలిమీద హాయిగా తేలుతుంది, కానీ ధ్వనిని మించిన వేగానికి పనికిరాదు. వెనక్కి వాలిన రెక్క వేగాన్ని ఓర్చుకుంటుంది. మూడు మూలల రెక్క ఇంకా ఓర్చుకుంటుంది, బలమైనది, కడుపులో బోలెడంత ఇంధనం దాచుకుంటుంది. దిగేటప్పుడే దానితో పేచీ. ముక్కు బాగా పైకెత్తి, ఇంజను బలంతో పట్టి ఉంచాలి.

"మరి కుదురుగా ఉండే విమానాన్నే చేసుకోవచ్చుగా?" అన్నాను.

"కుదురైన విమానం తిరగమంటే తిరగదక్కా. వెనక శత్రువుంటే ఠక్కున తిరగాలి. అందుకే కాస్త అల్లరిదాన్నే చేస్తారు" అని నవ్వాడు. గడప దగ్గర నిలబడి వింటున్న మా అమ్మాయి "మామా, ఏక్ బార్ ఫిర్ సే" అనేది. దానికి తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం హిందీలోనే తెరుస్తుంది. వాడు మళ్లీ మొదటినుంచీ చెప్పేవాడు. ఈలోగా పెనం మీది చపాతీ మాడిపోయేది.

"దిగేటప్పుడు ఇంజను ఆగిపోతే?" అని ఒకసారి అడిగాను. వాడు మాడిన ముక్క నోట్లో వేసుకుని, "విమానమే నన్ను సీటుతో సహా బయటికి విసిరేస్తుందిలే" అన్నాడు.

వాడికి గుంటూరు అమ్మాయితో పెళ్లి చేశాం. ఫిజిక్స్ టీచరు, మాట తక్కువ. కాపురం ఏడాదైనా నిండలేదు. ఒక మధ్యాహ్నం దిగుతుండగా, రన్‌వే ఇంకాస్త దూరం ఉందనగా ఇంజను ఆగిపోయింది. సీటు వాణ్ణి బయటికి విసిరింది. పారాచూట్ పూర్తిగా విచ్చుకునేంత ఎత్తు లేదు.

చర్చిలో ప్రార్థన అయ్యాక వాడి పై అధికారి మా ఇంటికొచ్చాడు. తెలుగువాడే. కుర్చీ అంచున కూర్చుని, టీ ముట్టుకోకుండా, ఏం జరిగిందో దాచకుండా చెప్పాడు. మరదలు అంతసేపూ తల వంచుకునే ఉంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"తిన్నటి రెక్కలైతే బతికేవారా సార్?"

ఆయన ఒళ్లోని టోపీ చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇంకొంచెం దూరం తేలేదేమోనమ్మా. కానీ ఆ రెక్కలతో అది చేయాల్సిన పని దానివల్ల కాదు."

"పని సంగతి నేనడగలేదు సార్" అంది మరదలు.

ఆయన లేచి, టోపీ చేతిలో పట్టుకుని, ఆమె ముందు అలాగే నిలబడిపోయాడు. పెళ్లిలోగానీ చావులోగానీ కన్నీరు పెట్టని మా ఆయన గోడవైపు తిరిగారు.

ఆమెను పుట్టింటికి పంపడానికి నాకు మనసొప్పలేదు. మా దగ్గరే ఉండి ఇక్కడే బడిలో టీచరుగా చేరింది. పిల్లలకు గాలి గురించిన పాఠం వచ్చినరోజు మాత్రం ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేది. కొన్నాళ్లకు నేనే ఆమెకు మరో సంబంధం చూశాను. మంచివాడు, గుడ్‌గావ్‌లో కంపెనీ ఉద్యోగం. పెళ్లిరోజు చీర కుచ్చిళ్లు సర్దుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "వదినా, ఇక ఆయన పేరు ఎత్తకూడదా?"

"నా దగ్గర ఎత్తు. నాకు మాత్రం ఇంకెవరున్నారు, వాడి గురించి మాట్లాడుకోడానికి?" అన్నాను. ఇద్దరం ఏడ్చి, మళ్లీ పౌడరు రాసుకుని బయటికి నడిచాం.

మొన్న విమానాలు వెళ్లిపోయాక గింజలు ఏరుతుంటే ఫోను మోగింది. మరదలే. "విన్నారా వదినా?" అంది. "విన్నానమ్మా" అన్నాను. ఆ తర్వాత మిగతా గింజలన్నీ ఏరడం అయ్యేదాకా ఇద్దరం ఫోను పెట్టేయలేదు.

మా అమ్మాయి ఈమధ్యే వాళ్ల మామ పోయేనాటి వయసు దాటింది. నాకు తల నెరిసి మోకాళ్లు వంగడం లేదు. వాడికీ నాకూ ఉన్న వయసు తేడా ప్రతి ఏడాదీ పెరుగుతూనే ఉంది. తమ్ముడిగా పోయినవాడు చూస్తుండగానే నాకు కొడుకు ఈడువాడయ్యాడు. ఇంకొన్నాళ్లు బతికితే మనవడి ఈడువాడవుతాడు.