మా ఆయన మ్యాగజైన్

పోలీసును పెళ్లి చేసుకున్నానని గట్టిగా చెప్పుకునే కాలం కాదది. కోరుట్లలో అద్దెకు దిగిన కొత్తలో, మా ఆయన విత్తనాల కంపెనీలో పనిచేస్తాడని ఇల్లుగలామెకు చెప్పాం. యూనిఫాం స్టేషన్‌లోనే ఉండేది. పొద్దున్నే గీతల చొక్కా వేసుకుని, చేతిలో టిఫిన్ సంచితో బస్సెక్కిపోయేవాడు. ఏ సందులో ఎవరున్నారో, ఏ మాట అడవిలోని నక్సలైట్ల చెవికి చేరుతుందో తెలియని రోజులు. అబద్ధమాడితే కళ్లు పోతాయని నమ్ముతూ పెరిగిన పిల్లను నేను. అలాంటిది కాపురానికొచ్చిన కొన్నాళ్లకే, మక్కజొన్న విత్తనాల్లో ఏది మంచిదో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పే స్థాయికి వచ్చేశాను. (నా మాట నమ్మి పక్కింటాయన ఏవో మక్కలు పెట్టాడు. ఆ చేను ఎలా పండిందని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.)

ఇల్లుగలామెను వాడంతా బీడీల అవ్వ అనేది. పొద్దస్తమానం అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, బొంబాయిలో ఉన్నాడని చెప్పేది.

ఒకరోజు సాయంత్రం మా ఆయన ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైందంటే, "ఇయ్యాల ఫైరింగు ప్రాక్టీసుల నా మ్యాగజైన్ సతాయించింది" అన్నాడు. "గా మాత్రానికే గింత రందా? బస్టాండుల కొత్తది కొనుక్కుంటే అయిపాయె" అన్నాను. నాకు తెలిసిన మ్యాగజైన్ అంటే సీరియళ్లూ వంటలూ ఉండే వారపత్రిక మరి! ఆయన నావైపు కాసేపు తెల్లబోయి చూసి, పడీ పడీ నవ్వాడు. నవ్వు నుంచి తేరుకున్నాక అసలు సంగతి చెప్పాడు. తుపాకీ కింద తగిలించే ఇనుప పెట్టెట అది. అడుగున స్ప్రింగు ఉండి, తూటాలను ఒక్కొక్కటిగా పైకి తోస్తుందట. ఒక్క తూటా ముక్కు పైకి లేచినా, వంకరగా కూర్చున్నా అడ్డం పడి తుపాకీ మూగదైపోతుందట. "మనది ఆగితే ఎదురుంగ ఉన్నోడు ఆగడు గదనే" అన్నాడు. ఈసారి ముఖం వేలాడేయడం నా వంతైంది.

వాళ్లకు ఫైరింగు నేర్పే జమేదారు సాబ్ అందరి ముందూ కడిగేశాడట. "అరే మియా, ఇది బియ్యం సంచా, కుక్కి కుక్కి నింపనీకి? స్ప్రింగుకు జర జాగా ఉంచాలె. తూటాను వెనుక గోడకు ఆనిచ్చి పెట్టాలె. ఇంటికాడ నేర్చుకో పో!" అని, పనికిరాదని పక్కన పడేసిన పాత మ్యాగజైన్ ఒకటి, పేలని ఉత్తుత్తి తూటాలు కొన్ని చేతిలో పెట్టాడట. అవి టిఫిన్ డబ్బా కింద దాక్కుని మా ఇంటికి వచ్చాయి. కొత్త జంటలు సాయంత్రాలు ఏం చేస్తారో నాకు తెలియదు, మేం మాత్రం తలుపేసుకుని మ్యాగజైన్ నింపేవాళ్లం. మా ఆయన వేళ్లు మొద్దువి. నా సన్నటి వేళ్లకు అది తొందరగా లొంగింది. ఒక్కో తూటాను పాత చీర గుడ్డతో తుడవడం, బొటనవేలితో కిందికి నొక్కుతూ వెనక్కి జరపడం, చివర్లో పెట్టె వీపును అరచేతికి తట్టి అన్నీ సర్దుకున్నాయో లేదో చూడడం. మొదట్లో "గట్ల కాదే, ముక్కు లేస్తున్నది సూడు" అని ఆయన అనేవాడు. తర్వాత్తర్వాత ఆ మాట నేనే అనాల్సి వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఇంకో నెల వరకు సరిపడేంత శుభ్రం చేద్దామని పెట్టె విప్పి, కిరసనాయిలు గుడ్డతో స్ప్రింగు తుడిచి కిటికీలో పెట్టాను. సరిగ్గా అప్పుడే బీడీల అవ్వ ఎండుమిరపకాయల కోసం లోపలికి వచ్చింది. ఇనుప పెట్టె, తూటాలు గబుక్కున ఒళ్లో కొంగు కింద దాచాను గాని, స్ప్రింగు కిటికీలో మెరుస్తూనే ఉంది.

"గదేందే బిడ్డా?"

"కుట్టుమిషన్ స్ప్రింగు అవ్వా."

"మీకు కుట్టుమిషన్ లేదు గదా?"

"కొంటడట. ముందుగాల స్ప్రింగు తెచ్చిండు."

ఇంతకంటే తెలివైన అబద్ధం ఆ క్షణాన నాకు తట్టలేదు. మిరపకాయలకని లేచేసరికి ఒళ్లోని పెట్టె ధన్ మని కింద పడింది. తూటాలూ దొర్లాయి. అవ్వ వంగి పెట్టె తీసి, నెమ్మదిగా నా చేతిలో పెట్టింది.

"బుగులు పడకు. మీరు దిగిననాడే నాకు ఎరుకైంది. విత్తనాలోల్లు గంత పొట్టి కటింగు కొట్టిచ్చుకుంటరా?" అంది. నేను తూటాలు ఏరసాగాను. "గిసొంటియి నా ఇంట్ల శాన సూసిన. పోలీసోల్లు అచ్చినప్పుడల్ల తుపాకులు గోడకు ఆనిచ్చి కూసునేటోల్లు."

"నీ ఇంటికి పోలీసులెందుకచ్చిన్రు అవ్వా?"

"నా కొడుకు బొంబాయిల లేడు బిడ్డా. అడివిల ఉన్నడు."

మిరపకాయలు కొంగులో పోసుకుని గడప దాకా వెళ్లి ఆగింది. "నువ్వు నింపినయి ఆగకుంట పేలుతయా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. "నీ పెనిమిటిది గూడ పానమే. మంచిగ నింపు" అని వెళ్లిపోయింది.

సాయంత్రం మా ఆయనకు చెప్పి, ఇల్లు మారుదామా అన్నాను. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "ఆమె మన సంగతి ఎవలికి చెప్పలే. మనం ఆమె సంగతి ఎందుకు చెప్పాలె?" అన్నాడు. అంతే, అక్కడే ఉన్నాం. ఆయన కొడిమ్యాల గుట్టల్లోకో వీర్నపల్లి అడవిలోకో గాలింపుకు వెళ్లిన రోజుల్లో, లోపల నేను, అరుగు మీద అవ్వ, బస్సు హారన్ కోసం చెవులు రిక్కించేవాళ్లం. ఆయన దిగగానే ఇద్దరం ఆయన ముఖమే చూసేవాళ్లం. నేను చూసేది ఆయన కోసం. ఆమె చూసేది అడవిలో కొడుక్కు ఏదైనా జరిగిందేమోనని.

తర్వాత సిరిసిల్లకు బదిలీ అయింది. కొంతకాలానికి ఒక ఆదివారం అవ్వ మా గుమ్మంలో నిలబడింది. వెనకాల బక్కపలచటి మనిషి. కొడుకు లొంగిపోయి ఇంటికొచ్చాడట, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని దొరుకుతుందేమోనని తీసుకొచ్చింది. నేను చాయ్ పెట్టాను. మగవాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెరో గోడా చూస్తున్నారు. మాట్లాడుకోవడానికి వాళ్ల మధ్య ఏముంటుంది? మా ఆయనే గొంతు సవరించుకుని, "మీ తాన తుపాకులు మంచిగ పనిచేసేటియా తమ్మీ?" అన్నాడు.

"తుపాకి మంచిదే అన్నా. మ్యాగజైనే సతాయించేది."

"స్ప్రింగు మెత్తవడ్డదా?"

"ఏమో, ఒకటి రెండు పోంగనే అడ్డం పడేది."

మా ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "వెనుక గోడకు ఆనిచ్చి నింపినవా?" సైకిలు చైను పడిపోతోందని ఇద్దరు దోస్తులు చెప్పుకున్నట్టు ఒకటే ముచ్చట. చాయ్ చల్లారిపోయింది.

వంటింట్లో అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "కొండగట్టు అంజన్నకు మొక్కిన బిడ్డా, రెండు దిక్కుల తుపాకులు ఆగిపోవాలెనని. నీ మొగునిది గూడ. కోపం జెయ్యకు" అంది.

తలుపేసుకుని నేను ఒక్కో తూటాను తుడిచి తుడిచి నింపుతుంటే, గోడకవతల అవ్వ చేసిన పని అదన్నమాట! మా ఆయన నౌకరీ అయిపోయేదాకా అడవిలో ఎవరి మీదా కాల్చాల్సిన అవసరం రాలేదు. అంత పట్టుదలగా పని నేర్చుకున్న అప్పటి నేను, ఆ కొత్త పెళ్లికూతురు, ఇప్పటికీ గుర్తొస్తుంది. పాపం, ఆ పిల్ల పనితనం ఎవరికీ అక్కరకు రాలేదు. అలా అనుకున్నప్పుడల్లా నాకు హాయిగా నవ్వొస్తుంది.